జేజి చేతి తూకం

ఇప్పటికీ అంగట్లో నిమ్మకాయలు ఏరేటప్పుడు ఒక్కో కాయనూ అరచేతిలో రెండుసార్లు ఎగరేసి చూస్తాను. మా ఆవిడకు చిరాకు. "కాయలు కొనడానికొచ్చినావా, గోలీలాడడానికా" అంటుంది. అది మా జేజి, అంటే మా అవ్వ, నేర్పిన తూకం. ఒకే సైజు కాయలు రెండు తీసుకుంటే, చేతికి బరువు తగిలేదాంట్లో రసం ఉంటుంది. తేలిగ్గా తగిలిందంటే తోలు మందం, లోపల బెండు. దానిమ్మకూ అదే లెక్క, టెంకాయకూ అదే. "కండ్లతో కొనొద్దు నాయనా, చేత్తో కొను" అనేది. సాంద్రత అనే మాట ఆమె జన్మలో విని ఉండదు.

మా ఊరు రైల్వే కోడూరుకు దగ్గర, కడప నుంచి రేణిగుంట పోయే రోడ్డు పక్కనే. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు మా వైపంతా అన్నమయ్య జిల్లాలో పడింది గానీ, ఎవరన్నా అడిగితే నా నోట్లోంచి ఇప్పటికీ కడప అనే వస్తుంది. మాకు కొంచెం దూరంలోనే మంగంపేట. అక్కడ గనుల్లో తీసేది ముగ్గురాయి. పుస్తకాల్లో బెరైటీస్ అని రాస్తారు. ప్రపంచంలోని పెద్ద పెద్ద నిల్వల్లో అదొకటని మాకు అప్పుడేం తెలుసు! మాకు తెలిసింది లారీలు.

బడి లేనప్పుడు రోడ్డు పక్క చింతచెట్టు కింద కూచుని లారీలు లెక్కపెట్టడం మా ఆట. వరిగడ్డి లారీ వస్తే పండగే. రెండు లారీల ఎత్తుంటుంది, పక్కలకు పొట్ట ఉబ్బి, చెట్టు కొమ్మల్ని గీరుకుంటా, ఊగుకుంటా పోతుంది. ముగ్గురాయి లారీ తీరు వేరు. తొట్టి చూస్తే ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. పైకి ఒక్క రాయి కూడా కనపడదు. కానీ ఊరు దాటి మిట్ట ఎక్కేటప్పుడు దాని ఇంజను మూలుగు వింటే పాపమనిపించేది. నేనూ నా జతగాడూ పందెం కాసుకున్నాం. ఖాళీ లారీ అని నేను, లోడు లారీ అని వాడు. పది గోలీలు.

పందెం తీర్చింది మా మామ. అమ్మకు తమ్ముడు, మంగంపేట నుంచి కోడూరు పౌడరు మిల్లులకు రాయి తోలేవాడు. ఒకరోజు లారీ మా ఇంటి ముందర నిలిపి మజ్జిగ తాగుతుంటే అడిగాను.

"మామా, సగం ఖాళీగా ఎందుకు పోతాండావు? ఇంకా రోంత వేసుకుంటే డబ్బులొస్తాయి గదా?"

మామ నవ్వి, చంకల కింద చేతులేసి నన్ను టైరు మీదికి ఎక్కించాడు. తొట్టిలోకి తొంగి చూశాను. రాళ్లు పెద్దోళ్ల మోకాలెత్తు వరకే ఉన్నాయి. ఆ పైనంతా గాలి.

"పది టన్నులు, అల్లుడా. కాటా కాడ తూకమేసి పంపించినారు. ఇంకో బుట్టెడు వేస్తే నా టైర్లు పగుల్తాయి."

నమ్మలేదు. మామ టెంకాయంత బూడిదరంగు రాయి ఒకటి ఏరి నా చేతుల్లో పెట్టాడు. టెంకాయంత ఉంది కాబట్టి నా చేతులు టెంకాయకు తగినట్టే సిద్ధపడ్డాయి. అదే తప్పు. రాయి చేతుల్లోంచి జారి నేరుగా కాలి బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడి ఊడిపోయేదాకా నెలన్నర కుంటాను. గోలీలు పది పోయినాయి, అది వేరే.

ఆ మోకాలెత్తు లెక్క పెద్దయ్యాక ఒకసారి కాగితం మీద వేసి చూశాను. మంగంపేట రాయి ఘనపు మీటరు సుమారు 4.3 టన్నులు తూగుతుంది. అంటే 10 టన్నులకు రెండుంబావు ఘనపు మీటర్ల పైచిల్లర. రాళ్ల మధ్య సందులు కూడా కలుపుకుంటే నాలుగుకు దగ్గర. 16 అడుగుల పొడుగు, 7 అడుగుల వెడల్పు తొట్టిలో దాన్ని పరిస్తే అడుగూ పావు ఎత్తు వస్తుంది. మోకాలికి కొంచెం కింద. మామ ఏ లెక్కా వేయకుండానే తొట్టికి లోపల సున్నంతో ఒక గీత గీసుకుని ఉన్నాడు, అక్కడిదాకా వేస్తే సరిగ్గా లోడు. ఒకసారి వానలో తడిసిన ఇసుక తోలాల్సి వచ్చినప్పుడు ఆ గీత పనికిరాలేదని చెప్పేవాడు. గీత ముగ్గురాయి గీత. ఇసుకకు ఇంకో గీత కావాలి.

నా వేలు పగలగొట్టిన రాయి మా ఇంట్లోనే ఉండిపోయింది. జేజి దాన్ని పచ్చడి జాడీ మూత మీద బరువు పెట్టేది. గాలికి తలుపు కొట్టుకుంటే అడ్డం పెట్టేది. పండగలప్పుడు అంచుల్లోంచి కొంచెం చితగ్గొట్టి పొడి చేసి ముగ్గులోకి కలిపేది. "ఇది రోంత మసగ్గా ఉండాది, పులివెందుల వైపు రాయి తెల్లగా ఉంటాది" అని వంక పెట్టేది కూడా. రోజుకు నాలుగైదుసార్లు ఆ రాయిని ఆమె అటు ఇటు మార్చేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో పనుంది.

మా వీధికి బొరుగులమ్మే ఆమె వచ్చేది, నెత్తిన పెద్ద తట్ట. దుడ్లు లేకపోతే బియ్యం తీసుకునేది. సేరు బియ్యానికి నాలుగు సేర్ల బొరుగులు. మొదటిసారి ఆ బేరం చూసి నాకు ఆమె మీద జాలేసింది. ఒకటిచ్చి నాలుగు తీసుకుంటున్నామే, ఆమెకేం మిగులుతుంది? జేజితో అంటే నవ్వింది. "నాలుగు సేర్లూ కలిపి తూకమెయ్యి, నీ సేరు బియ్యంలో సగానికి రావు" అంది. గింజ అదే గింజ. వేడి ఇసుకలో పొంగి కడుపులో గాలి నింపుకుంది, అంతే. బరువు ఏం పెరగలేదు, తేమ పోయి కొంచెం తగ్గింది కూడా.

ఇంకో తమాషా. ఆమె బొరుగుల్ని ఎత్తు నుంచి వదులుగా సేరులోకి పోసేది. జేజి ఊరుకునేది కాదు. సేరు తీసుకుని నేలకేసి నాలుగు తట్లు తట్టేది. బొరుగులు రెండు వేళ్లు దిగేవి. "ఇంగ పొయ్యి" అనేది. ఆమె గొణుక్కుంటా పోసేది. తట్టినందుకు బొరుగు చిన్నదవలేదు, బొరుగుల మధ్య ఉన్న సందు తగ్గింది. ప్రతి వారం అదే గొడవ, అదే తట్టడం. దేశంలో కిలోలూ లీటర్లూ వచ్చి పాతికేళ్లు కావస్తున్నా మా వీధి సేర్లతోనే నడిచేది.

ఎనిమిదో తరగతిలో, 1986 ప్రాంతంలో, ఆ పాఠం వచ్చింది. ప్రమాణ ఘనపరిమాణం గల పదార్థపు ద్రవ్యరాశిని సాంద్రత అంటారు. ఈ వాక్యాన్ని క్లాసంతా ఒకే రాగంలో పదిసార్లు అన్నాం. నిజం చెప్పాలంటే, లారీనీ బొరుగుల్నీ చూసిన నాకు కూడా ఆ వాక్యానికీ వాటికీ సంబంధం ఉందని తట్టలేదు. ద్రవ్యరాశి వేరు, బరువు వేరు, చంద్రుడి మీదికి పోతే బరువు ఆరో వంతవుతుంది, ద్రవ్యరాశి అట్లనే ఉంటుంది అని సైన్సు సారు చెప్పాడు. మాలో తిరుపతి దాటి పోయినోడే లేడు, చంద్రుడి దాకా ఎందుకని నవ్వుకున్నాం.

ఆ సారు మంచోడు, పాఠం ఒట్టిగా చెప్పి వదిలే రకం కాదు. "మీ ఇండ్ల కాడ దొరికే రాళ్లు తీసుకురండి, వాటి సాంద్రత కనుక్కుందాం" అన్నాడు. మావాళ్లు గుట్టల కొద్దీ తెచ్చారు. ఎక్కువగా కడప బండల ముక్కలు, ఇంటిపనుల్లో పగిలి పడినవి. నేను జేజి రాయి తెస్తే అది కొలజాడిలో పట్టదు కాబట్టి సుత్తితో ఒక పెచ్చు లేపి తెచ్చాను. "ముక్కకు సాంద్రత తక్కువుంటాది, పూర్తి రాయి తేవాల" అన్నాడు పక్కనున్నోడు. క్లాసులో సగం మంది అవునన్నారు. సారు వాణ్ణి కొట్టలేదు, ఇట్లా అడిగాడు: "లడ్డు సగం తింటే మిగిలిన సగం తీపి తగ్గుతుందా?" రాయిని పగలగొడితే బరువూ తగ్గుతుంది, అది ఆక్రమించే చోటూ అంతకంతే తగ్గుతుంది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వచ్చేది మారదు. ఆ రోజు లడ్డు మాట వినకుండా ఉంటే పరీక్షలో ఎన్నిసార్లు తప్పు రాసేవాణ్ణో.

త్రాసులో నా పెచ్చు 129 గ్రాములు తూగింది. కొలజాడిలో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పెచ్చును దారంతో కట్టి మెల్లగా దించాలి. నీళ్లు ఎంత పైకి లేస్తే అంత దాని ఘనపరిమాణం. నేను మెల్లగానే దించాను. దారమే తెగింది. గాజుజాడి అడుగు చిట్లి నీళ్లన్నీ బల్ల మీద పారాయి. బడి మొత్తానికి ఉన్నది అదొక్కటే జాడి.

క్లాసు గుడ్లప్పగించి చూస్తా ఉంది. సారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "బరువు నీ దగ్గరుంది, ఘనపరిమాణం లేదు. జాడి లేకుండా ఎట్లా కనుక్కుంటావో సోమవారానికి చెప్పు. చెప్పలేకపోతే జాడి డబ్బులు మీ నాయన్నడుగుతా" అన్నాడు. మా నాయన పేరెత్తితే నాకు చెమటలు పట్టాయి.

శనివారం నూనెకు అంగడికి పోయాను. అంగడాయన కొత్త డబ్బా మూత తీసి లీటరు కొలతతో ఒక్కొక్కరికీ పోస్తున్నాడు. డబ్బా మీద 15 కిలోలని రాసి ఉంది. చెనక్కాయల నూనె. తోచక లెక్కపెట్టుకుంటా నిలబడ్డాను, పదిహేనో లీటరు పోసినాక కూడా డబ్బాలో నూనె ఉంది. "మామా, ఎక్కువొచ్చింది!" అన్నాను, వరసేం లేకపోయినా ఊర్లో అందరూ మామలే. ఆయన గొంతు తగ్గించి, "నూనె నీల్లకన్నా అలకన అబ్బయ్యా. కిలోలెక్కన కొంటా, లీటర్లెక్కన అమ్ముతా. పదారు లీటర్లు దాటి వస్తాది. నీల్లయితే లీటరంటే లీటరే కిలో" అన్నాడు. ఇప్పటి నూనె ప్యాకెట్ల మీద లీటరు పక్కన 910 గ్రాములని వేస్తున్నారు చూడండి, ఆయన లాభం అంతా ఆ 90 గ్రాముల్లో ఉండేది.

ఇంటికొచ్చేదారిలో సగంలో ఆగిపోయాను. నీల్లయితే లీటరంటే కిలో. అంటే మిల్లీలీటరుకు గ్రాము. అంటే నీళ్లను కొలవడానికి జాడి ఎందుకు, త్రాసు చాలు!

సోమవారం జేజి ఇత్తడి చెంబు పట్టుకుపోయాను. రేకు పళ్లెంలో చెంబు పెట్టి, అంచు దాకా నీళ్లు నింపి, పెచ్చును ఈసారి గట్టి పురితాడుతో దించాను. పొంగి పళ్లెంలో పడిన నీళ్లను తూకమేస్తే 31 గ్రాములు. 129ని 31తో భాగిస్తే 4.16. సారు పుస్తకం తెరిచి చూపించాడు: శుద్ధమైన బెరైటీస్ 4.5 దాకా ఉండాలి. "మిగిలింది ఎక్కడికి పోయింది?" అన్నాడు. గనిలో వచ్చే రాయి శుద్ధం కాదు, కొంచెం మట్టీ మశానం కలిసి ఉంటుంది. పైగా పురితాడు లావు, అది కూడా మునిగి తన చోటు తాను తీసుకుంది. పురితాడు సంగతి నేనే చెప్పాను, సారు వీపు మీద తట్టాడు. తరువాత కడప బండ ముక్క వేస్తే 95 గ్రాములకు 35 గ్రాముల నీళ్లు, అంటే 2.7. చూపుకు బండ ముక్కే పెద్దది, తూకంలో నా పెచ్చే ఎక్కువ.

ఆ గంటలోనే సారు ఇంకో మాట చెప్పాడు. నీళ్ల సాంద్రత సరిగ్గా ఒకటని దేవుడేం రాసి పెట్టలేదట. 1795లో ఫ్రాన్సు వాళ్లు గ్రాము అంటే ఏమిటో తేల్చుకునేటప్పుడు, ఒక ఘనపు సెంటీమీటరు నీళ్లు ఎంత తూగితే అంతను గ్రాము అందామనుకున్నారు. అందుకే లెక్క అంత సుఖంగా కుదిరింది. బేరియం, బెరైటీస్ అన్న పేర్లు కూడా గ్రీకులో బరువు అనే అర్థమున్న మాటలోంచి వచ్చాయని చెప్పాడు. "మన బరువుకూ దానికీ చుట్టరికం లేదు గానీ, మీరు మర్చిపోకుండా ఉండడానికి పనికొస్తాది" అన్నాడు. పనికొచ్చింది. జాడి డబ్బుల ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఈ విద్య తలకెక్కి ఇంటర్లో ఒకసారి పరువు పోగొట్టుకున్నాను. చిన్నత్త పెండ్లికి ప్రొద్దుటూరులో బంగారు కొంటున్నాం. ఆ వూళ్లో వీధికి వీధి బంగారు అంగళ్లే. పెద్దాయన ఒకాయన గాజును గీటురాయి మీద గీసి చూపిస్తుంటే నేను ఊరుకోలేక, "నీళ్లలో ముంచితే తెలిసిపోతుంది గదా. బంగారు సాంద్రత 19.3, రాగిది 9 కూడా లేదు" అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఈ గాజు రెండు సవరాలు, అబ్బయ్యా. ఎన్ని నీళ్లు పొంగుతాయో చెప్పు." మనసులో లెక్కేశాను. పదహారు గ్రాములు, ఇరవై రెండు క్యారట్లయితే 17.7 చొప్పున, ఒక మిల్లీలీటరు కూడా రాదు. పద్దెనిమిది చుక్కలు. చెంబు అంచున నీళ్లు ఉబ్బి నిలబడే ఉబ్బే అంతకంటే ఎక్కువుంటుంది. గ్రీకు రాజు కిరీటం కథలో తొట్టి పొంగిందంటారు గానీ, ఆ పద్ధతిలో కల్తీ పట్టుకోవడం కష్టమని నాకు ఆ అంగట్లోనే తెలిసింది. గాల్లో ఒకసారి, నీళ్లలో వేలాడదీసి ఒకసారి తూకమేసి తేడా చూడాలి, అదీ సన్నటి త్రాసులో. "ఇంకోటి," అన్నాడాయన. "గాజు లోపల లక్క పోసి ఉంటే నీ నీళ్లు ఏం చెప్తాయి?" మా నాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మామ రాయి ఎక్కడికి పోతుందో మాత్రం చాలా ఏండ్లు అర్థం కాలేదు. "మిల్లులో పొడి చేసి, మద్రాసు హార్బరు నుంచి సముద్రం అవతలికి పంపిస్తారు, నూనె బావులకు" అనేవాడు. జేజి విని, "నూనె బావికి ముగ్గెందుకు, పెండ్లా?" అనేది. డిగ్రీలో కూచుని చదివితే తెలిసింది. భూమిలో కిలోమీటర్ల లోతుకు బోరు దించేటప్పుడు కింద గ్యాసూ నూనే ఒత్తిడితో కాచుకుని ఉంటాయి. దారి దొరికితే ఎగదన్నుకుని వస్తాయి. వాటిని అణిచి పెట్టాలంటే బోరు నిండా బరువైన ద్రవం నిలబడాలి. 10 మీటర్ల నీళ్ల స్తంభం చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు మోపుతుంది. 3000 మీటర్లకు 300 కిలోలు. చాలదు. అందుకని నీళ్లలో బంకమన్ను, ముగ్గురాయి పొడి కలిపి బురద చేస్తారు. దాని సాంద్రత 1.6కు తెస్తే అదే లోతులో 480 కిలోలు. ఇనప పొడి వేయొచ్చు గదా అనిపిస్తుంది. ముగ్గురాయి మెత్తన, బోరు పనిముట్లను అరగదీయదు, దేంతోనూ రసాయనికంగా కలవదు. లారీలో ఖాళీగా కనపడి నా గోలీలు పోగొట్టిన గుణమే అక్కడ దాని ధర.

1994లో జేజికి కడుపునొప్పి పట్టుకుంది. తింటే నిలవదు, చిక్కి సగమైంది. తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పొద్దన ఏం తినకుండా రమ్మన్నారు, ఎక్స్‌రే తీస్తారట. చీకటి గది ముందర బెంచీ మీద కూచోబెట్టాం. లోపల్నుంచి ఒక అబ్బాయి స్టీలు గ్లాసుతో తెల్లటి మందు తెచ్చి, "అవ్వా, ఇది తాగు" అని చేతికిచ్చాడు.

జేజి చెయ్యి ఒక్కసారి కిందికి వాలింది. ఒలకకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టింది. నీరసం అనుకుని నేను పట్టుకోబోయాను. ఆమె ఇయ్యలేదు. గ్లాసును అరచేతిలో కొంచెం పైకీ కిందికీ ఆడించింది, అచ్చం నిమ్మకాయను ఆడించినట్టు.

"ఇవి పాలు కావు నాయనా. పాలు ఇంత తూగవు."

"మందు జేజీ. బేరియం అంటారు."

అన్నాక నాకే గుండె జల్లుమంది. బేరియం విషమని కెమిస్ట్రీలో చదివాను. ఒక నిమిషం తరువాత గుర్తొచ్చింది, ఇది బేరియం సల్ఫేటు, కరగదు, కరగదు కాబట్టి ఒంటికి పట్టదు, పోయినదారంతా ఎక్స్‌రేకు తెల్లగా కనపడి బయటికొచ్చేస్తుంది. అంటే వట్టి శుద్ధి చేసిన ముగ్గురాయే. చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే ఆమె గ్లాసులోకి తొంగి చూసి, వేలితో అంచు మీది తెలుపు తీసి, బొటనవేలితో నలిపి చూసింది. పచ్చడి జాడీ మీద, తలుపు వెనక, వాకిట్లో ఎన్నేండ్లు దాన్ని మోసిందో!

"ముగ్గురాయి గదరా ఇది!"

ఆ అబ్బాయికి ఏం అర్థం కాలేదు. "తొందరగా తాగవ్వా, లోపల పిలుస్తాండారు" అన్నాడు. జేజి గటగటా తాగేసింది. పై పెదవి మీద తెల్లగా మీసంలా అంటుకుంది. కొంగుతో మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి లేస్తా లేస్తా అంది:

"మీ మామ రాయి సముద్రం అవతలికే పోతాదనుకుంటి గదరా."